విశ్వానికి మొదలుందా? హోయిల్, నార్లీకర్‌ల సిద్ధాంతం నుంచి బ్లాక్ హోల్ విశ్వం దాకా

అనూరాధ_టీచర్ (విజయనగరం)

జయంత్ నార్లీకర్ గారు 2025 మే 20న పుణెలో కన్నుమూశారు. ఆ రోజుల్లో నేను చదివిన నివాళుల్లో చాలావాటిలో ‘బిగ్ బ్యాంగ్‌ను ఒప్పుకోని శాస్త్రవేత్త’ అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయారు. ఆయన సరిగ్గా ఏమన్నారు, ఎందుకన్నారు, ఆ వాదన ఎక్కడ చిక్కుపడింది అన్న సంగతుల జోలికి పోలేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలేమో ‘విశ్వం ఎప్పుడూ ఉందని ఆయన అన్నారట, మరి 1380 కోట్ల ఏళ్ళ కింద పుట్టిందని మీరెలా చెప్తారు’ అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు తెలిసింది ముందు చెప్తాను. 1948లో కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయిల్, హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ కలిసి స్థిర స్థితి సిద్ధాంతం తెచ్చారు. అప్పట్లో గెలాక్సీలు దూరమయ్యే వేగం మీద హబుల్ చేసిన కొలతల ప్రకారం వెనక్కి లెక్కేస్తే విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్ళే వచ్చేది. రాళ్ళలోని రేడియోధార్మికత చూస్తే భూమి వయసే 300 కోట్లు దాటుతోంది. తల్లికన్నా బిడ్డ వయసు ఎక్కువని చెప్తున్న లెక్కను ఎవరు నమ్ముతారు? అందుకని వాళ్ళు మొదలన్న మాటే తీసేశారు. గెలాక్సీలు దూరమవుతూనే ఉంటాయి, మధ్యలో ఏర్పడే ఖాళీలో కొత్త పదార్థం పుడుతూ ఉంటుంది, కాబట్టి విశ్వం ఏ కాలంలో చూసినా ఒకేలా కనిపిస్తుంది అన్నారు. ఎంత పదార్థం పుట్టాలంటే, ఒక ఘనపు మీటరు చోటులో సుమారు వంద కోట్ల ఏళ్ళకు ఒక్క హైడ్రోజన్ పరమాణువు. ఏ ప్రయోగశాలా దాన్ని పట్టుకోలేదు.

నేను అడిగేది ఇదీ: విశ్వం గురించి ఇలాంటి ఊహలు బోలెడున్నాయి. వాటిలో దేన్ని పిల్లల ముందు సీరియస్‌గా పెట్టాలి, దేన్ని పక్కన పెట్టాలి? ఎలా తేల్చుకోవాలి?

మూర్తి_మాస్టారు (తెనాలి)

మంచి చోట మొదలుపెట్టావమ్మా. డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, ఈ విషయం మీద కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

స్థిర స్థితి సిద్ధాంతంలో నాకు నచ్చేది దాని ధైర్యం. ‘విశ్వం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది’ అన్నాక తప్పించుకునే దారి లేదు. దూరాన ఉన్న గెలాక్సీలను చూడటమంటే గతాన్ని చూడటమే కదా, అక్కడ లెక్క వేరుగా ఉంటే సిద్ధాంతం పోయినట్టే. దాన్ని పడగొట్టాలంటే ఏం చేయాలో దాన్ని కట్టినవాళ్ళే చెప్పి కూర్చున్నారు. కేంబ్రిడ్జిలోనే మార్టిన్ రైల్ ఆ పని చేశాడు. రేడియో తరంగాలు పంపే వస్తువులను లెక్కపెడుతూ పోతే, మసకగా కనిపించేవి, అంటే బాగా దూరాన ఉన్నవి, ఉండాల్సినదానికన్నా ఎక్కువ తేలాయి. 1961లో ఆ వాదన ముదిరినప్పుడు హోయిల్ పక్షాన నిలబడ్డది ఆయన దగ్గర పరిశోధన మొదలుపెట్టిన కుర్రవాడు నార్లీకర్. మన చుట్టుపక్కల పదార్థం సమంగా పరుచుకుని లేదనుకుంటే రైల్ లెక్క స్థిర విశ్వంలోనూ రావచ్చని ఇద్దరూ పేపరు రాశారు.

ఇక టీచరమ్మ చెప్పిన వయసు చిక్కు. 1952లో వాల్టర్ బాడే గెలాక్సీల దూరాలను సరిదిద్దడంతో విశ్వం వయసు ఒక్కసారిగా రెట్టింపయింది. తర్వాత ఇంకా పెరుగుతూ వచ్చింది. అంటే ఏ కారణంతో స్థిర విశ్వం పుట్టిందో ఆ కారణం నాలుగేళ్ళకే బలం కోల్పోయింది. అయినా హోయిల్ వదల్లేదు.

అసలు దెబ్బ 1965లో తగిలింది. న్యూజెర్సీలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరు రేడియో ఖగోళ శాస్త్రవేత్తల యాంటెన్నాకు ఆకాశంలో ఏ వైపు తిప్పినా సుమారు 3.5 కెల్విన్ మిగులు వేడి కనిపించింది. బిగ్ బ్యాంగ్ పక్షాన ఆల్ఫర్, హెర్మన్ అనేవాళ్ళు 1948లోనే ‘అప్పటి వేడి చల్లబడి ఇప్పుడు సుమారు 5 డిగ్రీలుండాలి’ అని లెక్కేసి చెప్పి ఉన్నారు. పదిహేడేళ్ళ ముందు చెప్పిన అంకెకు అంత దగ్గరగా వచ్చింది చూడండి. స్థిర విశ్వం ఆ వేడి గురించి ముందుగా ఏమీ చెప్పలేదు. అక్కడే తేడా వచ్చింది.

నా తూకం ఇదమ్మా: కొలత రాకముందే అంకె చెప్పిన ఊహను ఎంత విచిత్రంగా ఉన్నా గౌరవించు. వచ్చాక సర్దుకునేదాన్ని ఎంత అందంగా ఉన్నా అనుమానించు.

కృష్ణాతీరం (విజయవాడ)

మాస్టారూ, మీరు చెప్పిన చరిత్ర నిజమే కానీ ఒక వైపు నుంచే చెప్పారు. ఆ వేడి బిగ్ బ్యాంగ్ మిగిల్చినదేనని ఎవరు తేల్చారు?

హోయిల్, జెఫ్రీ బర్బిడ్జ్ చూపించిన లెక్క ఒకటుంది. విశ్వంలో మామూలు పదార్థం బరువులో దాదాపు నాలుగో వంతు హీలియం. ఈ హీలియమంతా నక్షత్రాల్లోనే హైడ్రోజన్ నుంచి తయారైందనుకోండి. అప్పుడు వెలువడిన శక్తినంతా చల్లార్చి విశ్వమంతా పరిస్తే ఉష్ణోగ్రత ఎంతొస్తుంది? 2.7 కెల్విన్‌కు చాలా దగ్గర! బిగ్ బ్యాంగ్‌లో ఈ రెండు అంకెలకూ సంబంధమే లేదు, కాకతాళీయమని వదిలేయాలి. ఇక్కడ మాత్రం ఒకదాన్నుంచి ఇంకొకటి వస్తోంది.

1993లో హోయిల్, బర్బిడ్జ్, నార్లీకర్ కొత్త రూపం తెచ్చారు. విశ్వం మొత్తంగా చూస్తే పెరుగుతూనే ఉంటుంది, దాని మీద నాలుగైదు వేల కోట్ల ఏళ్ళకొకసారి విస్తరణ, సంకోచం నడుస్తుంటాయి. ఎక్కడా సున్నా పరిమాణం రాదు. పదార్థం బాగా బరువైన గెలాక్సీల నడిబొడ్డుల్లో పుడుతుంది. పేలిన నక్షత్రాల నుంచి వచ్చే ఇనుము సన్నటి పోగుల్లా గడ్డకట్టి, నక్షత్రాల వెలుగును పీల్చి మైక్రోవేవ్‌గా మారుస్తుంది. ఇందులో అసాధ్యమేముంది? ‘సమయం సున్నా’ దగ్గర సాంద్రత అనంతమని చెప్పే సిద్ధాంతం కన్నా ఇదే నా బుద్ధికి ఆనుతోంది.

లహరి (ఆస్టిన్)

నేను ఇక్కడ కాస్మాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నా. కృష్ణాతీరం గారూ, హీలియం లెక్క చాలా ఆసక్తికరమైనది, నేనూ వేసి చూశాను, అంకె నిజంగానే దగ్గరగా వస్తుంది. కానీ దాన్ని అందరికన్నా ముందు ఇబ్బందిపెట్టింది హోయిల్ గారే. 1964లో రోజర్ టేలర్‌తో కలిసి రాసిన పేపర్లో, మామూలు నక్షత్రాలు ఇంత హీలియం చేయలేవని, ఎప్పుడో ఎక్కడో కోట్ల డిగ్రీల వేడి ఉండి తీరాలని ఆయనే చూపించారు. నక్షత్రాలు నిజంగా అంత హీలియం వండి ఉంటే ఆ వెలుగు, దానితోపాటు తయారైన కార్బన్, ఆక్సిజన్ అంతటా కనపడాలి. ఆ మూలకాల లెక్క సరిపోదు.

ఇనుప పోగుల సంగతి. ఆకాశమంతా కనిపించే ఆ మిగులు వేడినే నేపథ్య వికిరణం అంటాం; దాని వర్ణపటాన్ని కోబ్ ఉపగ్రహం కొలిచి 1990 జనవరిలో ఖగోళ శాస్త్రజ్ఞుల సభలో చూపించినప్పుడు సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ గీత ఆదర్శ కృష్ణ వస్తువు (ఒకే ఉష్ణోగ్రతతో వెలిగే వస్తువు) గీత మీద ఎంత ఖచ్చితంగా కూర్చుందంటే, తేడా లక్షకు ఐదు వంతులు కూడా లేదని తర్వాతి విశ్లేషణలో తేలింది. వేరువేరు కాలాల్లో, వేరువేరు దూరాల్లో పోగులు వెలుగును మార్చి పంపితే, ఒక్క ఉష్ణోగ్రత ఉన్న అంత శుభ్రమైన గీత రావాలంటే విశ్వమంతా మైక్రోవేవ్‌లకు దట్టమైన పొగమంచులా అడ్డుపడాలి. అలా అడ్డుపడితే దూరాన ఉన్న గెలాక్సీలు మిల్లీమీటర్ తరంగాల్లో మనకు కనిపించకూడదు.

కనిపిస్తున్నాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పట్టిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ ఉంది, రెడ్ షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల కాంతి తరంగం ఎంత సాగి ఎరుపు వైపు జరిగిందో చెప్పే అంకె) 14 పైమాటే. బిగ్ బ్యాంగ్ లెక్కలో విశ్వానికి 30 కోట్ల ఏళ్ళు నిండినప్పటిది. చిలీలోని ఆల్మా యాంటెన్నాలు అందులో ఆక్సిజన్‌ను కనిపెట్టాయని 2025లో ప్రకటించారు. ఆ ఆక్సిజన్ వెలుగు మన దగ్గరికి సుమారు 1.3 మిల్లీమీటర్ల తరంగంగా వచ్చింది. సరిగ్గా పోగులు మింగేయాల్సిన చోటే!

ఇంకో పరీక్ష చెప్తాను, ఇది నాకు చాలా ఇష్టం. బిగ్ బ్యాంగ్ నిజమైతే గతంలో ఆ నేపథ్య వేడి ఎక్కువుండాలి. ఎంత ఎక్కువ? ఇప్పటి 2.725ను రెడ్ షిఫ్ట్‌కు ఒకటి కలిపి గుణించాలి. పాత స్థిర విశ్వంలోనైతే ఎప్పుడూ అదే వేడి. మరి గతంలో థర్మామీటర్ ఎవరు పెడతారు? క్వాసార్ అంటే చాలా ప్రకాశవంతమైన గెలాక్సీ నడిబొడ్డు; దూరపు క్వాసార్ వెలుగు మధ్యలో ఒక వాయు మేఘం గుండా వస్తుంది. ఆ మేఘంలోని పరమాణువులు, అణువులు ఏ శక్తి స్థాయిలో ఉన్నాయో చూస్తే అక్కడి వేడి తెలుస్తుంది. శ్రీఆనంద్ అనే శాస్త్రవేత్త ఫ్రాన్స్ సహచరులతో కలిసి 2000లో రెడ్ షిఫ్ట్ 2.34 దగ్గర కొలిచారు. 6 నుంచి 14 కెల్విన్ మధ్య వచ్చింది, సిద్ధాంతం అడిగింది 9.1. మళ్ళీ 2008లో రెడ్ షిఫ్ట్ 2.418 దగ్గర కార్బన్ మోనాక్సైడ్‌తో కొలిస్తే 9.15 వచ్చింది, రావాల్సింది 9.3.

శ్రీఆనంద్ గారు పనిచేసేది పుణెలోని అయూకాలో. ఆ సంస్థను 1988లో కట్టింది నార్లీకర్ గారు. మొదటి ఫలితం వచ్చినప్పుడు డైరెక్టర్ కూడా ఆయనే. తన సిద్ధాంతపు తొలిరూపానికి అడ్డం తిరిగే కొలత తన సంస్థలోనే, తన హయాంలోనే వచ్చింది. టీచర్ గారూ, పిల్లలకు చెప్పాల్సింది ఈ సంగతి అని నా అభిప్రాయం.

కృష్ణాతీరం (విజయవాడ)

లహరి గారూ, ఆ పరీక్ష 1948 నాటి రూపాన్నే పడగొడుతుంది. 1993 రూపంలో ప్రతి ఆవర్తంలోనూ విశ్వం విస్తరిస్తుంది కాబట్టి అక్కడా గతంలో వేడి ఎక్కువే ఉండాలి. ఆ తేడా మీరు చెప్పకుండా వదిలేయకూడదు.

లహరి (ఆస్టిన్)

అందుకే ‘తొలిరూపానికి’ అని రాశానండి. మీరన్నది పూర్తిగా సరి, ఆ పరీక్షలో 1993 రూపం నిలబడుతుంది. ఇనుప పోగుల దగ్గర నిలబడదు.

మూర్తి_మాస్టారు (తెనాలి)

ఇద్దరి మధ్యలో ఒక్క మాట. సమయం సున్నా దగ్గర అనంతమన్నది కృష్ణాతీరం గారికి మింగుడుపడటం లేదు. ఆ ఇబ్బంది ఐన్‌స్టీన్‌కూ ఉంది. దీన్ని గట్టిగా పట్టుకున్నవాడు మన కలకత్తా మనిషి, అమల్ కుమార్ రాయ్‌చౌధురి. 1955లో ఆయన రాసిన సమీకరణం ప్రకారం గురుత్వాకర్షణ ఆకర్షించినంత కాలం పదార్థపు దారులన్నీ వెనక్కి వెళ్తే ఒకచోట ముడిపడక తప్పదు, నునుపుగా ఉందా లేదా అన్నదానితో పని లేదు. 1960ల్లో పెన్‌రోజ్, హాకింగ్ నిరూపించిన సిద్ధాంతాలకు పునాది అదే.

ఆ ముడిని తప్పించుకోవాలంటే ఎక్కడో ఆకర్షణకు బదులు వికర్షణ రావాలి. హోయిల్, నార్లీకర్ చేసింది సరిగ్గా అదే. ‘సి-క్షేత్రం’ అని ఒకదాన్ని పెట్టారు, దాని శక్తి రుణాత్మకం. పదార్థం పుట్టినప్పుడు ధన శక్తి ఎంత పెరుగుతుందో క్షేత్రంలో రుణ శక్తి అంత పెరుగుతుంది, మొత్తం లెక్క మారదు. శూన్యం నుంచి పదార్థం పుడితే శక్తి నిత్యత్వ నియమం ఏమైపోవాలి అని కాలేజీలో పిల్లలు అడిగేవారు. జవాబు ఇదే. వికర్షించే క్షేత్రమన్న ఆలోచన ఆనాడు చాలామందికి వింతగా తోచింది. 1980ల్లో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ సిద్ధాంతంలో విశ్వాన్ని ఊదేదీ వికర్షించే క్షేత్రమే, ఇవాళ డార్క్ ఎనర్జీ అంటున్నదీ వికర్షణే. గణితంలో పోలిక ఉంది గానీ అవన్నీ ఒకటే అని మాత్రం అనుకోకండి.

ఇంకొకటి కూడా రాయాలి. బిగ్ బ్యాంగ్ వేడి లేదన్నాక మరి కార్బన్, ఇనుము ఎక్కడ తయారయ్యాయి? నక్షత్రాల్లోనే అని హోయిల్ పట్టుబట్టాడు. కార్బన్ కేంద్రకంలో సుమారు 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక స్థాయి ఉండి తీరాలన్నాడు, లేకపోతే నక్షత్రాల్లో ఇంత కార్బన్ తయారవ్వదు అన్నాడు. 1953లో కాల్‌టెక్‌లో వెతికితే దొరికింది. 1957లో బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయిల్ కలిసి రాసిన పెద్ద పేపరు మూలకాల పుట్టుకకు ఈనాటికీ ఆధారం. విశ్వం విషయంలో నిలబడని పట్టుదల మన ఒంట్లోని కార్బన్ సంగతి తేల్చింది.

వినయ్_హన్మకొండ

మాస్టారూ, మొత్తం చదివిన, కార్బన్ సంగతి అద్భుతం. నాది వేరే డౌట్. 2025లో వాట్సాప్‌లో తెగ తిరిగింది: ‘మన విశ్వమే ఒక బ్లాక్ హోల్ లోపల ఉందని జేమ్స్ వెబ్ కనిపెట్టింది’ అని. గెలాక్సీలు చాలావరకు ఒకే వైపు తిరుగుతున్నాయట. నిజమేనా?

లహరి (ఆస్టిన్)

వినయ్, ఆ పేపరు ఉంది, లియోర్ షమీర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాశారు. 263 గెలాక్సీలు చూస్తే 158 ఒకవైపు, 105 ఇంకోవైపు తిరుగుతున్నట్టు తేలింది. సగం సగం రావాలి కదా అన్నది ప్రశ్న. బ్లాక్ హోల్ లోపల పుట్టిన విశ్వానికి ఆ బ్లాక్ హోల్ భ్రమణం అంటుకుని ఉండొచ్చు అన్నది ఒక వివరణ. రెండో వివరణ కూడా ఆయనే ఇచ్చారు: మన పాలపుంత తిరుగుతోంది, దానికి ఎదురుగా తిరిగే గెలాక్సీలు డాప్లర్ ప్రభావం వల్ల కాస్త ఎక్కువ ప్రకాశంగా కనిపించి ఎక్కువగా లెక్కలోకి వచ్చి ఉండొచ్చు. ఫార్వర్డ్‌లో మొదటిదే వచ్చింది. 263 చాలా చిన్న సంఖ్య, అదీ ఆకాశంలో ఒక చిన్న ముక్కలోనిది.

‘విశ్వమే బ్లాక్ హోల్’ అన్న ఆలోచన మాత్రం పాతది. 1972లో ఆర్.కె. పత్రియా అనే భారతీయ భౌతిక శాస్త్రవేత్త నేచర్ పత్రికలో రాశారు. విస్తరణ వేగం కాంతి వేగానికి సమానమయ్యే దూరం దాకా ఉన్న విశ్వపు ద్రవ్యరాశిని తీసుకుని అంత బరువున్న బ్లాక్ హోల్ వ్యాసార్థం ఎంతో లెక్కేస్తే ఆ దూరానికే సమానంగా వస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. కానీ లోపలికి చూస్తే, విశ్వపు జ్యామితి చదునుగా ఉంటే సాంద్రతకూ విస్తరణ వేగానికీ ఒక బంధం ఉంటుంది. ఆ బంధాన్ని సూత్రంలో పెడితే రెండు వ్యాసార్థాలూ వాటంతటవే సమానమవుతాయి. కొత్త సమాచారమేమీ అందులో లేదు. పైగా బ్లాక్ హోల్‌లో ముడి మన భవిష్యత్తులో ఉంటుంది, మన విశ్వంలో ముడి గతంలో ఉంది. కాలాన్ని తిప్పి చూడాలి.

భరత్_నెల్లూరు

ఇవన్నీ మన పెద్దలు ముందే చెప్పలేదా? బ్రహ్మకు ఒక పగలు, అంటే కల్పం, 432 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 454 కోట్లని సైన్స్ ఇప్పుడు చెప్తోంది. ఇంత దగ్గరగా ఎలా వచ్చింది? పాశ్చాత్యులు ఆరు వేల ఏళ్ళ దగ్గర ఆగిపోతే మనవాళ్ళు కోట్లలో లెక్కేశారు.

శేషశర్మ (రాజమహేంద్రవరం)

భరత్ బాబూ, నేను పౌరోహిత్యం చేస్తాను, సంకల్పం రోజూ చెప్పేవాణ్ణి. అందుకే జవాబు ఇవ్వడం నా బాధ్యత అనిపించింది.

432 కోట్లన్నది కల్పం మొత్తం నిడివి. ఇప్పటికి గడిచింది అంత కాదు. సంకల్పంలో మనం చెప్పుకునేది శ్వేతవరాహ కల్పంలో ఏడవదైన వైవస్వత మన్వంతరం, ఇరవై ఎనిమిదో మహాయుగం, కలియుగం, ప్రథమ పాదం. ఆరు మన్వంతరాలు, ఏడు సంధులు, ఇరవై ఏడు మహాయుగాలు, ఆపైన కృత త్రేతా ద్వాపరాలు కూడితే సుమారు 197 కోట్ల 29 లక్షల సంవత్సరాలు గడిచినట్టు. మరి 454తో పోల్చాల్సింది 197నా, 432నా? గడిచిన దానితో గడిచినదాన్నే పోల్చాలి. పోలిస్తే సరిపోదు.

ఈ లెక్కకు వేరే విలువ ఉంది. ప్రళయం తర్వాత మళ్ళీ సృష్టి, అలా బ్రహ్మాయుర్దాయం 311 లక్షల కోట్ల సంవత్సరాలు అని ఊహించి, దానికి ఒక గణితం పెట్టి, రోజువారీ పూజలో ‘ఆ మహాకాలంలో నేను ఇక్కడున్నాను’ అని చెప్పించారు. అది నాకు మహా గొప్పగా కనిపిస్తుంది. టెలిస్కోపుతో కొలిచిన అంకెకు దాన్ని ముడిపెడితే, రేపు ఆ అంకె మారితే సంకల్పం తప్పని అంటారు. నేను ఒప్పుకోను.

అనూరాధ_టీచర్ (విజయనగరం)

శర్మ గారూ, ఈ లెక్కను ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పగా వినలేదు. నమస్కారాలు.

ఈసీఐఎల్_సాయి (హైదరాబాద్)

కొంచెం పక్కకు వెళ్తున్నా గానీ నార్లీకర్ గారి పేరుతో మొదలైన చర్చలో మా ఊరి సంగతి రాకపోతే వెలితి. విశ్వానికి మొదలు లేదంటే జీవం ఎక్కడో ఒకచోట ఎప్పుడో పుట్టి తోకచుక్కల మీద అంతటా పాకి ఉండొచ్చని హోయిల్, ఆయన సహచరుడు చంద్ర విక్రమసింఘె అనేవారు. దాన్ని పరీక్షించడానికి నార్లీకర్ బృందం 2001 జనవరిలో మా హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం నుంచి పెద్ద బెలూన్ ఎగరేసింది. అతి చల్లటి గొట్టాలతో 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి పట్టి తెచ్చారు. 2005లో మళ్ళీ ఎగరేశారు. ఆ నమూనాల్లో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయని ఇస్రో 2009లో ప్రకటించింది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కూడా పరీక్షించింది. ఒకదానికి హోయిల్ పేరే పెట్టారు, జానిబాక్టర్ హోయిలీ. ఇంకోదానికి ఆర్యభట పేరు.

ఆకాశం నుంచి దిగాయా, నేల నుంచి పైకెళ్ళాయా అన్నది దాంతో తేలలేదు, తేలిందని ఇస్రో కూడా చెప్పలేదు. అయినా ఊహ చెప్పి ఊరుకోకుండా బెలూన్ ఎగరేశారు చూశారా, అందుకే నాకు ఆయనంటే గౌరవం.

కృష్ణాతీరం (విజయవాడ)

అసలు దారికి వస్తాను. రెడ్ షిఫ్ట్ అంటే విస్తరణే అని ఎందుకు అనుకోవాలి? 1929లోనే ఫ్రిట్జ్ జ్విక్కీ అన్నాడు, కాంతి దూరం ప్రయాణించి అలసిపోయి శక్తి కోల్పోతుందని. 2023లో కెనడాలో ఒట్టావా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రాజేంద్ర గుప్తా దాన్ని కలిపి లెక్కేస్తే విశ్వం వయసు 2670 కోట్ల ఏళ్ళు వచ్చింది. వెబ్ చూపిస్తున్న తొలి గెలాక్సీలు అంత త్వరగా అంత పెద్దగా ఎలా అయ్యాయన్న ప్రశ్న తీరిపోతుంది.

లహరి (ఆస్టిన్)

కాంతి అలసిపోవడమే జరిగితే రంగు మారుతుంది, గడియారం మారదు. విస్తరణ అయితే రెండూ మారతాయి. ఒకే రకం సూపర్‌నోవాలు వెలిగి ఆరే సమయం మనకు తెలుసు. దూరాన ఉన్నవి నెమ్మదిగా ఆరుతున్నట్టు కనపడాలి. డార్క్ ఎనర్జీ సర్వే 2024లో 1,504 సూపర్‌నోవాలతో ఇది చూసింది. రెడ్ షిఫ్ట్ ఎంత ఉందో సాగుదల సరిగ్గా అంతే. అలసిన కాంతి ఒక్కదానితో ఇది రాదు.

గుప్తా గారిది కలగలుపు, అందులో విస్తరణా ఉంది, అలసటా ఉంది, ప్రకృతి స్థిరాంకాలు కాలంతో మారడమూ ఉంది. అందుకే సూపర్‌నోవా పరీక్ష ఒక్కదానితో అది కూలిపోదు. కానీ మార్చుకోగల బిరడాలు ఎక్కువైనకొద్దీ దేనికైనా సరిపెట్టుకోవచ్చు. నేపథ్య వికిరణంలో లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులున్నాయి, వాటి గీతలోని శిఖరాలను మామూలు మోడల్ ఆరు అంకెలతో మొత్తం గీస్తుంది. ముందు ఆ గీత గీసి చూపించాలి.

భరత్_నెల్లూరు

శర్మ గారి లెక్క నేను కూడా వేసి చూసుకున్నాను, 197 కోట్లే వచ్చింది. ఇంకో ప్రశ్న: అసలు బిగ్ బ్యాంగ్‌కు ముందేముంది? ఏమీ లేనిదాంట్లోంచి ఇంత విశ్వం ఎలా వస్తుంది?

మూర్తి_మాస్టారు (తెనాలి)

బాబూ, కొలతలకు అందే కథ మొదటి సెకను చుట్టుపక్కల మొదలవుతుంది. అక్కణ్ణుంచి హీలియం ఎంత తయారవ్వాలో లెక్కేయగలం, చూడగలం. అంతకు ముందుది ఊహే, కానీ ఊహల్లోనూ తేడాలున్నాయి.

1973లో ఎడ్వర్డ్ ట్రయన్ అన్నాడు: పదార్థపు శక్తి ధనం, గురుత్వాకర్షణ శక్తి రుణం, రెండూ కూడితే సున్నా అయితే విశ్వం పుట్టడానికి ఖర్చేమీ లేదు, క్వాంటమ్ ఒడిదుడుకు చాలు అని. 1982లో విలెంకిన్, 1983లో హార్టిల్, హాకింగ్ దానికి గణితం రాశారు. హాకింగ్‌ది కాలానికి అంచు లేదన్న వాదం. ఇవన్నీ క్వాంటమ్ నియమాలు ముందే ఉన్నాయని మొదలవుతాయి. నియమాలున్నప్పుడు దాన్ని ‘ఏమీ లేదు’ అనగలమా? నాకు తృప్తి లేదు.

పెన్‌రోజ్ వేరే దారి పట్టాడు. చిట్టచివరికి పదార్థమంతా కరిగి కాంతి మాత్రమే మిగిలితే, కాంతికి గడియారం లేదు, కొలబద్ద లేదు, ఆ అనంత విశాలం తర్వాతి విశ్వానికి బిగ్ బ్యాంగ్ అవుతుందని 2010 నుంచి గట్టిగా చెప్తున్నాడు. అందంగా ఉంది. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి కూడా ఎప్పటికో మాయమవ్వాలి, దానికి ఏ ఆధారమూ లేదు. పాత విశ్వపు గుర్తులుగా ఆకాశంలో వలయాలు చూపించాడు. మామూలు మోడల్‌తో కంప్యూటర్లో తయారుచేసిన ఆకాశంలోనూ అలాంటి వలయాలే వస్తాయని మూడు బృందాలు చూపించాయి. 2020 నోబెల్ ఆయనకు బ్లాక్ హోల్ గణితానికి వచ్చింది, దీనికి కాదు. కొన్ని వీడియోల్లో రెండూ కలిపేస్తున్నారు.

లహరి (ఆస్టిన్)

ఇన్‌ఫ్లేషన్ గురించి నేను కలుపుతాను. 1980-81లో స్టారోబిన్‌స్కీ, గూత్ మొదలుపెట్టారు. ఒక సెకనులో ఊహకందనంత చిన్న భాగంలో విశ్వం విపరీతంగా ఉబ్బిందని. అది నిజమైతే ఆకాశంలో గురుత్వ తరంగాల ముద్ర ఒకటి ఉండాలి, దాని బలాన్ని ‘ఆర్’ అనే అంకెతో చెప్తారు. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం నుంచి బైసెప్-2 బృందం 0.2 దొరికిందని ప్రకటించింది. ప్రపంచమంతా సంబరం. ప్లాంక్ ఉపగ్రహ సమాచారంతో కలిపి చూస్తే అందులో చాలావరకు మన పాలపుంతలోని ధూళి అని 2015 మొదట్లో తేలింది. ఇప్పటి పరిమితి 0.036 కన్నా తక్కువ. చాలా సరళమైన ఇన్‌ఫ్లేషన్ మోడళ్ళు దాంతోనే పోయాయి.

ఇన్‌ఫ్లేషన్ ఎక్కడా ఆగకుండా సాగితే అనంత విశ్వాలు పుడతాయన్న వాదం మీద, ఒకప్పుడు ఇన్‌ఫ్లేషన్‌ను నిర్మించిన పాల్ స్టైన్‌హార్ట్ గారే కోపంగా ఉన్నారు. ఏ ఫలితమొచ్చినా ఏదో ఒక విశ్వంలో సరిపోతుందంటే అది ఏమీ చెప్పనట్టే అంటారు. ఆయన బృందం 2001 నుంచి కట్టిన ఆవర్త విశ్వంలో ఆ ముద్ర దాదాపు కనపడకూడదు. ఇక్కడ రెండు ఊహలూ ఎదురెదురుగా పందెం కాశాయి. చిలీ అటకామా ఎడారిలో 5,200 మీటర్ల ఎత్తున సైమన్స్ అబ్జర్వేటరీ ఈ అంకె కోసం చూస్తోంది.

కృష్ణాతీరం (విజయవాడ)

ఇప్పుడు సూటిగా అడుగుతాను లహరి గారూ. విస్తరణ వేగం (మెగాపార్సెక్ దూరానికి సెకనుకు ఇన్ని కిలోమీటర్లని) ప్లాంక్ లెక్కలో 67, దగ్గరి గెలాక్సీలు కొలిస్తే 73. డార్క్ ఎనర్జీ స్థిరం కాదేమో, బలహీనపడుతోందేమో అని 2025 మార్చిలో గెలాక్సీల పటం గీస్తున్న డెసీ బృందం సూచించింది. ఇన్ని పగుళ్ళున్నాయి. ఏ కొలత వస్తే మీరు బిగ్ బ్యాంగ్‌ను వదిలేస్తారు?

లహరి (ఆస్టిన్)

మంచి ప్రశ్నండీ. ముందు, మీరు చెప్పిన రెండూ విశ్వం ఎంత వేగంగా ఎలా విస్తరిస్తోందన్న ప్రశ్నలు. 67, 73 తేడా నిజమైతే మా మోడల్‌లో ఏదో పదార్థమో శక్తో తప్పిపోయిందని అర్థం. డెసీ సూచన బలం ఏ సూపర్‌నోవా జాబితా కలిపామన్నదాన్ని బట్టి 2.8 నుంచి 4.2 సిగ్మా (ఇది కాకతాళీయం కాదనడానికి కొలమానం), 5 దాటితేనే మేము ఒప్పుకుంటాం. అది నిలబడినా ఒకప్పటి వేడి, సాంద్ర విశ్వం అలాగే ఉంటుంది.

వదిలేయాలంటే: రెడ్ షిఫ్ట్ 3 దగ్గర వాయు మేఘంలో నేపథ్య వేడి 11 కెల్విన్‌కు బదులు 3 వచ్చి, ఇంకో బృందం కొలిచినా అదే రావాలి. లేదా నక్షత్రాలు సరిగా పుట్టని ఏదో పేద గెలాక్సీలో హీలియం బరువులో 10 శాతమే ఉండాలి. మొదటి మూడు నిమిషాల్లోనే దాదాపు 25 శాతం తయారైపోయి ఉండాలి, దాన్ని తగ్గించే మార్గం లేదు. ఇంతవరకు చూసినచోటల్లా 24 కన్నా పెద్దగా తగ్గలేదు. ఈ రెండిటిలో ఏ ఒక్కటి తేలినా నా థీసిస్ మొదటి అధ్యాయం కొట్టేస్తాను.

కృష్ణాతీరం (విజయవాడ)

హీలియం పందెం న్యాయంగా ఉంది, ఒప్పుకుంటున్నాను. మరి లిథియం?

లహరి (ఆస్టిన్)

లిథియం దగ్గర మీరు పట్టుకున్నారు. లెక్క ప్రకారం ఉండాల్సిన దాంట్లో మూడో వంతే పాత నక్షత్రాల ఉపరితలం మీద కనిపిస్తోంది. ఆ నక్షత్రాలు వందల కోట్ల ఏళ్ళలో తమ లిథియాన్ని లోపలికి లాక్కుని కాల్చేశాయా, లేక మొదటి నిమిషాల అణు ప్రక్రియల్లో మాకు తెలియనిది ఏదైనా జరిగిందా అన్నది తేలలేదు. నక్షత్రాలే కాల్చేశాయన్న వైపు నేను మొగ్గుతున్నాను, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) లెక్క చాలా బాగా సరిపోతోంది కాబట్టి. నక్షత్రాల్లో కలవని వాయువులో, పాలపుంత బయట, నేరుగా లిథియం కొలవగలిగితే ఈ గొడవ తీరుతుంది. చిన్న మెగెల్లానిక్ మేఘం అనే పొరుగు గెలాక్సీలో ఒకసారి ప్రయత్నించారు, లెక్కకు దగ్గరగానే వచ్చింది, కానీ అక్కడ నక్షత్రాలు కొత్తగా చేసిన లిథియం కూడా కలిసి ఉండొచ్చు. ఇంకా పాత, ఇంకా శుభ్రమైన వాయువు కావాలి.